మెసపొటేమియాలో మన సిపాయిలు: మూడు విక్టోరియా క్రాసులు, రాతి మీదికెక్కని వేల పేర్లు

ఈసారి చరిత్ర పేజీల కోసం, యుద్ధంలో అసామాన్యమైన ధైర్యం చూపి పెద్ద పతకం అందుకున్న సిపాయిల గురించి రాస్తున్నాం. ఇది ఎక్కడో దూరదేశం కథ కాదు. మనం బతుకుతెరువుకు వచ్చిన ఈ గల్ఫ్ పక్కనే జరిగింది. కువైట్ దాటితే బస్రా, బస్రా నుంచి టైగ్రిస్ నది వెంట పైకి పోతే కూత్. ఆ రెండు ఊళ్ళ మధ్య మైదానాల్లో వందేళ్ళ కిందట మన దేశపు సిపాయిలు వేలాదిగా పడిపోయారు. ఆ నేలను అప్పట్లో మెసపొటేమియా అనేవారు, ఇప్పటి ఇరాక్.

ఆ యుద్ధం గొప్పదని చెప్పడం మా ఉద్దేశం కాదు. మన సిపాయిలు పోరాడింది మన దేశం కోసమూ కాదు, మనల్ని ఏలుతున్న దొరల కోసం. ఎదురుగా కందకాల్లో ఉన్న తుర్కీ సైనికులు కూడా అనతోలియా నుంచో, అరబ్బు ఊళ్ళ నుంచో పట్టుకొచ్చిన రైతు బిడ్డలే. అయినా ఆ సిపాయిలు చూపిన ధైర్యం వాళ్ళ సొంతం, దాన్ని ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ప్రభుత్వం ఇచ్చింది పతకం మాత్రమే. ధైర్యానికీ పతకానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, ఎవరి పేరు రాస్తారో, ఎవరి పేరు వదిలేస్తారో చెప్పడానికే ఈ వ్యాసం.

ఎందుకు వచ్చారు?

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. తుర్కీ సామ్రాజ్యం జర్మనీ వైపు మొగ్గుతోంది. పర్షియాలోని అబాదాన్‌లో బ్రిటిష్ వాళ్ళకు చమురు శుద్ధి కర్మాగారం ఉంది. వాళ్ళ యుద్ధనౌకలు బొగ్గు మానేసి చమురుకు మళ్ళుతున్న రోజులవి. ఆ కర్మాగారాన్నీ, గల్ఫ్ దారినీ కాపాడుకోవాలని ఇండియా నుంచి ఒక దండును పంపారు. ఆ దండు 1914 అక్టోబరు 23న బహ్రెయిన్ చేరి ఓడల్లోనే ఎదురుచూసింది. నవంబరు 6న ఫావ్ దగ్గర ఒడ్డుకు దిగింది. ఆ నెలలోనే బస్రా వాళ్ళ చేతికొచ్చింది. అంటే, ఈ నేలకు భారతీయులను పెద్ద ఎత్తున రప్పించిన కారణాల్లో అప్పుడూ చమురే ఒకటి.

యుద్ధం ముగిసేసరికి ఇండియా నుంచి మెసపొటేమియాకు వచ్చినవాళ్ళు సుమారు 5 లక్షల 88 వేల మంది. ఇందులో దాదాపు సగం మంది తుపాకి పట్టినవాళ్ళు కారు. కంచరగాడిదలు తోలేవాళ్ళు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, గాయపడినవాళ్ళను మోసేవాళ్ళు, రైలు పట్టాలు వేసేవాళ్ళు, ఓడల నుంచి సరుకు దింపే కూలీలు. తుపాకి పట్టిన సిపాయికి నెల జీతం యుద్ధానికి ముందు 11 రూపాయలు. ఆ జీతంలోంచే ఇంటికి పంపాలి. అప్పులు, పొలాలు, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ ఆ పదకొండు రూపాయల మీదే. ఈ లెక్క మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కూత్ ముట్టడి

బస్రా తేలిగ్గా దొరికిందని పై అధికారులకు ఆశ పుట్టింది. బాగ్దాద్ దాకా పొమ్మన్నారు. సరిపడా పడవలు లేవు, డాక్టర్లు లేరు, మందులు లేవు. 1915 నవంబరులో బాగ్దాద్‌కు కొంచెం ఇవతల టెసిఫాన్ దగ్గర దెబ్బతిని, సైన్యం వెనక్కి తిరిగి కూత్ ఊళ్ళో చిక్కుకుంది. డిసెంబరు 7న తుర్కీ సైన్యం ఊరిని చుట్టుముట్టింది. ముట్టడి 147 రోజులు సాగింది. లోపల తిండి అయిపోయింది. గుర్రాలను కోసుకు తిన్నారు. ఆ మాంసం ముట్టమన్న భారతీయ సిపాయిలు చాలామంది ఆకలితో ఎముకల గూడులయ్యారు.

వాళ్ళను విడిపించడానికి బస్రా నుంచి మరో సైన్యం బయల్దేరింది. 1916 జనవరి నుంచి ఏప్రిల్ వరకు టైగ్రిస్ ఒడ్డున ఒకదాని తర్వాత ఒకటి యుద్ధాలు. దాక్కోవడానికి చెట్టు లేదు, గుట్ట లేదు, అంతా చదునైన బయలు. పైన వాన, కింద బురద, రాత్రి ఎముకలు కొరికే చలి. ఎడారి అంటే ఎప్పుడూ ఎండే అనుకునేవాళ్ళకు ఇక్కడి జనవరి చలి ఎలా ఉంటుందో తెలియదు, మనకు తెలుసు. మనం చెప్పుకోబోయే మూడు విక్టోరియా క్రాసులూ ఈ మూడు నాలుగు నెలల్లో వచ్చినవే.

ఛత్తాసింగ్: అయిదు గంటలు అడ్డుగా

1916 జనవరి 13, వాదీ యుద్ధం. 9వ భోపాల్ పదాతిదళంలో ఛత్తాసింగ్ మామూలు సిపాయి. కాన్పూరు జిల్లావాడు. వాళ్ళ కమాండింగ్ ఆఫీసరు గాయపడి, కదలలేక బయలు మైదానంలో పడివున్నాడు. ఛత్తాసింగ్ తన చాటు వదిలి అక్కడికి వెళ్ళాడు. గాయానికి కట్టు కట్టాడు. తర్వాత మట్టి తవ్వే చిన్న పనిముట్టు తీసి, గుళ్ళు వర్షంలా వస్తుంటే, ఆఫీసరు చుట్టూ మట్టి తవ్వి అడ్డు పోశాడు. ఒకవైపు అడ్డు లేదు. ఆ వైపు తానే పడుకున్నాడు. చీకటి పడేదాకా, అయిదు గంటల పాటు, తన ఒంటినే గోడ చేశాడు. చీకటి పడ్డాక వెళ్ళి సాయం తెచ్చి, ఆయన్ని భద్రమైన చోటికి చేర్చాడు.

లాలా: చొక్కా విప్పి కప్పినవాడు

ఎనిమిది రోజుల తర్వాత, జనవరి 21న, హన్నా యుద్ధం. ఒక్క రోజులో సుమారు 2,700 మంది చనిపోయారు, గాయపడ్డారు. 41వ డోగ్రా దళంలో లాన్స్ నాయక్ లాలాది ఇప్పటి హిమాచల్ ప్రదేశ్ కొండప్రాంతం. శత్రువుకు దగ్గర్లో అతను చేతులతో చిన్న చాటు కట్టుకున్నాడు. అందులో అప్పటికే నలుగురు గాయపడినవాళ్ళకు కట్లు కట్టాడు. వేరే దళం ఆఫీసరు ఒకాయన బయట పడి ఉంటే ఆయన్నీ ఈడ్చుకొచ్చి కట్టు కట్టాడు.

ఇంతలో సొంత దళం అడ్జుటెంటు, అంటే కమాండరు కింద దళం వ్యవహారాలు చూసే ఆఫీసరు, బయట నుంచి పిలుస్తున్న గొంతు వినిపించింది. శత్రువు వంద గజాల దూరంలో ఉన్నాడు. వెళ్తే చావు ఖాయం. లాలా వెళ్తానని పట్టుబట్టి వెళ్ళాడు. "నా వీపు మీద ఎక్కండి, పాకుతూ తీసుకుపోతాను" అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు లాలా ఆ చలిలో తన ఒంటిమీది బట్టలు విప్పి ఆయనకు కప్పి, పొద్దుగూకే దాకా పక్కనే ఉన్నాడు. చీకటి పడ్డాక ముందు మొదటి ఆఫీసరును మోసుకెళ్ళి కందకంలో దించాడు. మళ్ళీ స్ట్రెచరు పట్టుకుని వెనక్కి వచ్చి అడ్జుటెంటును మోసుకెళ్ళాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. పతకం ప్రకటనలో ఇద్దరు ఆఫీసర్ల సంగతి వివరంగా ఉంది. లాలా అంతకుముందే కట్లు కట్టిన ఆ నలుగురు ఎవరు? ప్రకటనలో వాళ్ళు "నలుగురు గాయపడినవాళ్ళు" మాత్రమే. పేరు లేదు, ఊరు లేదు. లాలా చేతులు మాత్రం తేడా చూపించలేదు. ముందు కట్టు కట్టింది వాళ్ళకే.

షాహమద్ ఖాన్: రెండు పారలు తప్ప

మూడోవాడు నాయక్ షాహమద్ ఖాన్, 89వ పంజాబీ దళం. ఇప్పటి పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లావాడు. 1916 ఏప్రిల్ 12 రాత్రి, తెల్లవారితే 13. బైత్ ఈసా అనే చోట కొత్తగా తవ్వుతున్న వరుసలో ఒక ఖాళీ మిగిలింది. శత్రువు 150 గజాల దూరంలో. ఆ ఖాళీ ముందు మెషీన్‌గన్‌తో షాహమద్ ఖాన్‌ను పెట్టారు. శత్రువు మూడుసార్లు మీదికి వచ్చాడు, మూడుసార్లూ తిప్పికొట్టాడు. తూటాల పట్టీలు నింపే ఇద్దరు తప్ప తనవాళ్ళంతా పడిపోయారు. అయినా మూడు గంటల పాటు ఒక్కడే గన్ నడిపాడు. ఈలోగా వెనక వాళ్ళు ఆ ఖాళీని పూడ్చుకున్నారు.

చివరికి గన్ దెబ్బతింది. ముగ్గురూ రైఫిళ్ళు పట్టుకుని, వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చేదాకా నిలబడ్డారు. సాయానికి వచ్చిన మరో ముగ్గురితో కలిసి గన్‌నూ, తూటాలనూ, నడవలేని ఒక గాయపడినవాణ్ణీ తీసుకొచ్చాడు. అంతటితో ఆగలేదు. మళ్ళీ వెళ్ళి మిగిలిన ఆయుధాలూ సామానూ అంతా తెచ్చాడు. ప్రకటన చివర ఒక చిన్న మాట ఉంది: రెండు పారలు తప్ప అన్నీ తెచ్చాడని. పని చేసే మనిషికి ఈ మాట విలువ తెలుస్తుంది. షిఫ్టు అయ్యాక సైట్లో ఏ పనిముట్టు మిగిలిందో లెక్క చూసుకునే అలవాటు, చావు ముందు కూడా పోలేదు.

ఈ ముగ్గురూ హిందీ, డోగ్రీ, పంజాబీ మాట్లాడే మూడు ప్రాంతాలవాళ్ళు. వీళ్ళ ధైర్యంలో ఒక పోలిక ఉంది. ముగ్గురూ గాయపడిన మనిషిని వదిలిపెట్టి రాలేదు. ఇద్దరికైతే పతకం వచ్చిందే అందుకు. చంపినందుకు కాదు, మోసుకొచ్చినందుకు.

కూత్ మాత్రం విడుదల కాలేదు. విడిపించబోయి సుమారు 23 వేల మంది చనిపోయారు, గాయపడ్డారు. 1916 ఏప్రిల్ 29న లోపలి సైన్యం లొంగిపోయింది. గాయపడినవాళ్ళను స్ప్రింగులు లేని బండ్ల మీద, సరుకు పడవల్లో కుక్కి పంపిన సంగతి బయటపడి గొడవైంది. విచారణ కమిషన్ వేశారు. 1917లో దాని నివేదిక వచ్చాక ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. సిపాయి ఒంటి మీది చొక్కా విప్పి కప్పాల్సి వచ్చిందంటే, అది అతని గొప్పతనం. కంబళి, డాక్టరు, స్ట్రెచరు ఉండాల్సిన చోట లేకపోవడం పైవాళ్ళ తప్పు. ఈ రెండూ ఒకేసారి నిజం. మొదటిదాన్ని పొగిడి రెండోదాన్ని మరచిపోకూడదు.

పతకం మనవాళ్ళ దాకా రావడానికి 55 ఏళ్ళు

విక్టోరియా క్రాస్‌ను 1856లో పెట్టారు. చిన్న కంచు పతకం. బ్రిటిష్ సైన్యంలో అంతకు మించింది లేదు. హోదాతో పని లేకుండా జవానుకైనా జనరల్‌కైనా ఒకటే అన్నారు. కానీ ఇండియన్ సిపాయికి ఇవ్వలేదు. అతనికి వేరే పతకం ఉండేది, ఈస్టిండియా కంపెనీ 1837లో పెట్టిన ఆర్డర్ ఆఫ్ మెరిట్. అందులో మూడు తరగతులు. మూడో తరగతి వస్తే జీతంలో మూడో వంతు అదనం, రెండో తరగతికి మూడింట రెండు వంతులు, మొదటి తరగతికి రెట్టింపు జీతం. డబ్బు ఉంది, సరే. సమానమైన గౌరవం లేదు.

1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు భారతీయ సిపాయిలకు కూడా విక్టోరియా క్రాస్ ఇవ్వవచ్చని ప్రకటించారు. మూడేళ్ళు తిరక్కుండానే, 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోల్‌బెకె దగ్గర, తన గన్ దగ్గరివాళ్ళంతా చనిపోయినా పోరాడిన ఖుదాదాద్ ఖాన్ దాన్ని సాధించాడు. ఆ యుద్ధం అయ్యేసరికి గూర్ఖాలతో కలిపి 11 మంది మనవైపు సిపాయిలకు ఆ పతకం దక్కింది. 1911కు ముందు ధైర్యవంతులు లేరా? ఉన్నారు. రాసే పుస్తకంలో వాళ్ళకు పేజీ లేదు, అంతే.

మరి తెలుగువాళ్ళు?

ఈ 11 పేర్లలో తెలుగు పేరు లేదు. ఎందుకు లేదు అని మన పిల్లలు అడిగితే, మనవాళ్ళకు ధైర్యం లేకనా అనుకుంటారేమో. కాదు, కారణం వేరే ఉంది.

ఈస్టిండియా కంపెనీ తొలి సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎంత మంది ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయికే "తిలంగా" అని పేరు పడింది. 1857 తిరుగుబాటు నాడు ఢిల్లీ జనం సిపాయిలను ఆ మాటతోనే పిలిచేవారు, వాళ్ళు ఏ ప్రాంతంవాళ్ళైనా సరే. తర్వాత బ్రిటిష్ అధికారులు కొన్ని కులాలు, ప్రాంతాలే "యుద్ధజాతులు" అనే సిద్ధాంతం పట్టుకున్నారు. 1885 నుంచి 1893 వరకు సర్వసేనానిగా ఉన్న రాబర్ట్స్ దొర ఆ ఆలోచనకు పెద్ద అండ. మద్రాసు దళాలను తగ్గించుకుంటూ వచ్చారు. తెలుగువాళ్ళను చేర్చుకోవడం దాదాపు ఆగిపోయింది. పోరాడే చోటికే రానివ్వకపోతే పతకం ఎక్కడి నుంచి వస్తుంది?

అయినా మనవాళ్ళు పూర్తిగా లేకుండా పోలేదు. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు కలిసి పనిచేసే మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళాలు మెసపొటేమియాకు వచ్చాయి. వంతెనలు కట్టడం, దారులు వేయడం, కందకాలు తవ్వడం వాళ్ళ పని. మన మేస్త్రీలు, కూలీలు చేసే పనే, తూటాల మధ్య. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి రెండు ప్రపంచయుద్ధాలకూ వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆ ఊరిని మిలటరీ మాధవరం అంటారు. నిజాం పంపిన హైదరాబాదు లాన్సర్లు పాలస్తీనా వైపు పోరాడిన దళంలో ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు తరఫుదే.

రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి మనుషులు చాలక ఆ పాత గీతలు చెరిగాయి. మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మద్రాసు సాపర్స్‌కు చెందిన సుబేదార్ సుబ్రమణ్యం, పక్కవాళ్ళను కాపాడటానికి పేలబోతున్న మందుపాతర మీద పడి ప్రాణం ఇచ్చాడు. ఆయన చెంగల్పట్టు వైపు తమిళుడు. హైదరాబాదుకు చెందిన కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ హాంగ్‌కాంగ్‌లో జపాన్ వాళ్ళకు బందీగా చిక్కాడు. ఎంత హింసించినా లొంగలేదు, తోటివాళ్ళ పేర్లు బయటపెట్టలేదు. 1943 అక్టోబరు 29న ఆయన్ని చంపేశారు. ఈ ఇద్దరికీ చనిపోయాక జార్జి క్రాస్ ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక పరమవీర చక్ర, మహావీర చక్ర మన సొంత పతకాలయ్యాయి. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన సంగతి మనందరికీ తెలుసు. తలుపు తీస్తే లోపలికి రాగల మనుషులు మనలో ఎప్పుడూ ఉన్నారు.

బస్రా స్మారకం

ఇప్పుడు అసలు విషయం. పతకం వచ్చిన ముగ్గురి పేర్లు చరిత్రలో ఉన్నాయి. వాళ్ళ పక్కన పడిపోయినవాళ్ళ సంగతేంటి?

మెసపొటేమియాలో చనిపోయి సమాధి కూడా తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం బస్రా దగ్గర 1929లో ఒక స్మారకం కట్టారు. బ్రిటిష్ వాళ్ళవైతే సాధారణ సైనికుల పేర్లు కూడా రాతి మీద చెక్కారు. భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకు మాత్రం దళం పేరు రాసి, కింద ఇంతమంది అని అంకె వేశారు. అదే సైన్యం, అదే యుద్ధం. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. అక్కడ యూరప్ కళ్ళ ముందు పేరు, ఇక్కడ ఎడారిలో అంకె. 1997లో ఆ స్మారకాన్ని బస్రా నుంచి తీసి, నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల దూరాన మళ్ళీ నిలబెట్టారు.

2021 ఏప్రిల్‌లో, ఈ స్మారకాలు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళే ఒక నివేదిక ఇచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికావాళ్ళలో 45 వేల నుంచి 54 వేల మందికి సమానంగా గుర్తింపు ఇవ్వలేదని, కనీసం మరో 1 లక్షా 16 వేల మందికి పేరుతో గాని, అసలే గాని గుర్తు పెట్టలేదని ఒప్పుకున్నారు, క్షమాపణ చెప్పారు. వందేళ్ళు పట్టింది ఆ మాట రావడానికి.

మనకు ఇందులో ఏముంది?

మనం సిపాయిలం కాము. కానీ అంకెగా మారడం అంటే ఏమిటో క్యాంపులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. గేటు దగ్గర ఐడీ నంబరు, బస్సులో సీటు లెక్క, రూములో మంచం నంబరు. ప్రమాదం జరిగితే వార్తలో "ముగ్గురు ఏషియన్ కార్మికులు". లాలా కట్టు కట్టిన ఆ నలుగురిలాగే.

అందుకే మేము కోరేది రెండు చిన్న పనులు. ఒకటి, మీ పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, కాంట్రాక్టు, బీమా కాగితాల కాపీలు ఊళ్ళో ఇంటి దగ్గర ఒక సెట్టు ఉంచండి. మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఊరు, మండలం పక్క మంచం తమ్ముడికి తెలిసేలా ఉండాలి. రెండు, మీ రూములోనో, మీ కంపెనీలోనో ఎవరైనా కన్నుమూస్తే, వాళ్ళ పేరు, ఊరు, చేసిన పని, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి మన సంఘానికి పంపండి. ఎవరో రాస్తారని వదిలేస్తే ఏమవుతుందో బస్రా రాయి చెబుతూనే ఉంది.

అలాగే మీ ఊళ్ళో తాతలు, ముత్తాతలు ఎవరైనా బస్రాకు, బర్మాకు, ఇటలీకి సిపాయిగానో కూలీగానో వెళ్ళివుంటే, ఇంట్లో పాత పతకం, పెన్షన్ కాగితం, ఫోటో ఉంటే జాగ్రత్త చేయండి. తుప్పు పట్టిందని పారేయకండి. అంచు మీద సన్నగా పేరు, దళం చెక్కి ఉంటాయి, చూడండి. రాతి మీద దక్కని పేరు కొందరికి ఆ చిన్న బిళ్ళ అంచు మీదే మిగిలింది.